టోలీన్ ట్యాంకరు దగ్గర కాగితం ఎవరికోసం? – ఒక రివిజన్ డైరీ

ఏప్రిల్ చివర: ఏవి పట్టుకోవాలి

విశాఖపట్నం దగ్గర ఒక బల్క్ డ్రగ్ ప్లాంటులో డాక్యుమెంటేషన్ నా పని. పెద్ద ఆడిట్ ఒకటి గట్టెక్కాం, తర్వాతది ఇంకా దూరం. ఇలాంటి తెరిపి మా సెక్షన్‌కి అరుదు. అందుకని ఎప్పటినుంచో పక్కన పెడుతూ వస్తున్న కాగితాలు ముందరేసుకున్నాను: టోలీన్ అనే సాల్వెంట్ (ద్రావకం) ట్యాంకరు అన్‌లోడింగ్ ఎస్ఓపీ (ఆ పని ఎలా చేయాలో చెప్పే అధికారిక కాగితం), కళ్లద్దాల గురించి సేఫ్టీ వాళ్ల సర్క్యులర్ డ్రాఫ్టు, ప్రొడక్షన్ షిఫ్ట్ లాగ్‌బుక్, డీవియేషన్ (పద్ధతి తప్పిన సంఘటన) రిపోర్టు. ఎర్తింగ్ రిలే (ఎర్త్ కుదిరిందో లేదో కనిపెట్టే పరికరం) కొనమని ఇంజినీరింగ్ వాళ్లు రాస్తే పర్చేజ్ వాళ్లు తిప్పి పంపిన నోట్ ఒకటి తర్వాత వచ్చి చేరింది.

భాష దిద్దడమే అయితే ఇంత ఆర్భాటం అక్కర్లేదు, అది రోజూ చేసేదే. ఈసారి రెటరిక్ (మాటతో ఒప్పించే విద్య) సిద్ధాంతాలు పక్కన పెట్టుకుని చూద్దామనుకున్నాను. రెటరిక్ అనగానే అరిస్టాటిలూ ఉపన్యాసాలూ గుర్తొస్తాయి గానీ, ఇరవయ్యో శతాబ్దంలో దాన్ని మళ్లీ తవ్వి తీసినవాళ్లున్నారు: కెనెత్ బర్క్, స్టీఫెన్ టూల్మిన్, లాయిడ్ బిట్జర్, కరొలిన్ మిల్లర్. బర్క్ సాహిత్య విమర్శకుడు, టూల్మిన్ తత్వవేత్త. సాల్వెంట్ యార్డులో వాళ్లకేం పని అనొచ్చు. కానీ వాళ్లు తలా ఒక దారిన వచ్చి అడిగే ప్రశ్న మా ప్లాంటులో ఎవరూ అడగరు: ఈ రాత ఎవరి చేత ఏం చేయించడానికి?

మే మొదట్లో: పదకొండు పేజీల ఎస్ఓపీ

ఉద్దేశం, పరిధి, బాధ్యతలు, నిర్వచనాలు, సంక్షిప్త పదాలు, రిఫరెన్సులు. ఇవన్నీ దాటాక, ఆపరేటరు చేత్తో చేయాల్సిన మొదటి పని ఐదో పేజీలో వస్తుంది. తెలుగు కాపీ కూడా ఉంది, ఇంగ్లిష్ కాపీని వాక్యానికి వాక్యం దించినది. అందులోంచి ఒకటి, ఉన్నదున్నట్టు:

"ట్యాంకరు యొక్క ఎర్తింగ్ సంతృప్తికరముగా ఉన్నట్లు నిర్ధారించబడిన పిమ్మట మాత్రమే ట్రాన్స్‌ఫర్ ప్రక్రియ ప్రారంభించబడవలెను."

ఎవరు నిర్ధారించాలి? దేన్ని చూసి? సంతృప్తి ఎవరికి? తప్పు పట్టడానికి ఒక్క అక్షరం దొరకదు, చేయడానికీ ఏమీ దొరకదు.

టోలీన్ ఆషామాషీ సరుకు కాదు. ఫ్లాష్ పాయింటు (ఆవిరి అంటుకోగల కనీస ఉష్ణోగ్రత) దాదాపు 4 డిగ్రీల సెల్సియస్. అంటే మా దగ్గర ఏ కాలంలోనైనా, ఎంత చల్లటి రాత్రయినా దాని ఆవిరికి ఒక్క నిప్పురవ్వ చాలు. పైగా అది కరెంటును సరిగా పోనివ్వదు. పైపులో పారుతున్నప్పుడు పుట్టిన స్టాటిక్ చార్జి పోయే దారి లేక పోగవుతుంది. ఎర్త్ క్లిప్ ఆ దారి ఇవ్వడానికే. పెయింటు మీదో తుప్పు మీదో క్లిప్ తగిలించినా చూసేవాళ్లకి ఎర్తింగ్ ఉన్నట్టే కనిపిస్తుంది. యార్డులో పాతకాపులందరికీ ఇది తెలుసు. ఎస్ఓపీలో మాత్రం లేదు.

బిట్జర్ 1968లో ఒక వ్యాసం రాశాడు. మాట పుట్టే ప్రతి సందర్భంలోనూ మూడుంటాయంటాడు: తీరాల్సిన అక్కర, దాన్ని తీర్చగల శ్రోతలు, చేతులు కట్టేసే పరిమితులు. చెవిన పడ్డవాళ్లందరూ శ్రోతలు కారు. విని, కదిలి, ఆ అక్కర తీర్చగలిగినవాళ్లే శ్రోతలు. ఈ గీటురాయి మీద మా ఎస్ఓపీ నిలవలేదు. రాత్రి రెండింటికి వచ్చిన ట్యాంకరు దగ్గర హోస్ బిగించే మనిషి దాని శ్రోత కావాలి. రాసింది మాత్రం ఎప్పుడో వచ్చి ఏసీ గదిలో పేజీలు తిప్పే ఆడిటరుకి. "నిర్ధారించబడిన పిమ్మట" అన్నది ఆయనకి హాయిగానే ఉంటుంది, అన్నీ కవరయ్యాయి కదా. ఆయన హోస్ బిగించడు.

మే రెండో వారం: చదివించి చూడటం

లిండా ఫ్లవర్, జాన్ హేస్ అనే ఇద్దరు రాసేవాళ్ల బుర్రలో ఏం జరుగుతుందో తెలుసుకోవడానికి ఒక పద్ధతి వాడారు: రాస్తూ, అనుకుంటున్నదంతా పైకి చెప్పమనడం. 1981లో వచ్చిన వాళ్ల వ్యాసానికి పునాది అదే. నేను దాన్ని చదివేవాళ్ల మీదికి తిప్పాను. ఆపరేటరు చేతికి ఎస్ఓపీ ఇచ్చి, ఖాళీ ట్యాంకరు దగ్గర నిలబెట్టి, "చదువుతూ చేయండి, ఎక్కడ ఆగారో ఎందుకు ఆగారో పైకి చెప్పండి" అన్నాను.

పదేళ్లుగా సాల్వెంట్ యార్డులో ఉన్న ఒకాయన బాధ్యతల పేజీ పూర్తిచేసి తల ఎత్తాడు. "ఇది నాకు సెప్పినట్టు లేదండి. నా మీద రాసినట్టుంది."

ఆ తర్వాత ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని, అలవాటు ప్రకారం చేసుకుపోయాడు. చక్రాలకి చెక్కలు పెట్టించాడు, డ్రైవరు దగ్గర తాళం తీసుకున్నాడు, క్లిప్ పళ్లు ఇనుములో దిగేలా అటూ ఇటూ నులిమి పట్టించాడు. ఆ నులమడం ఎస్ఓపీలో ఎక్కడా లేదు. నాకు కావాల్సింది అదే, రాసుకున్నాను.

వాక్యాల విషయంలో ఒక అనుభవం. రిచర్డ్ లాన్‌హామ్ చెప్పిన చిట్కా ఒకటి ఇంగ్లిష్ రివిజన్‌లో బాగా పనిచేస్తుంది: విభక్తుల్లా అంటుకునే చిన్న మాటలకు చుట్టూ గీత గీయి, చేసేవాడెవడో పట్టుకో, వాడితో పని చేయించు. మన వాక్యానికి అది సగమే పనికొస్తుంది. మనకి షరతులన్నీ ముందొచ్చి క్రియ చివర్లో వస్తుంది. "లైను ఖాళీ అయితేనే వాల్వ్ తెరవండి" అన్నచోట అది మన అదృష్టం, చేయి కదలకముందే షరతు చెవిన పడుతుంది. కానీ అలాంటి షరతులు అయిదు వరసగా పెడితే క్రియ వచ్చేసరికి మొదటి షరతు మరిచిపోతాం. అందుకని నా లెక్క ఇలా పెట్టుకున్నాను: వాక్యానికి ఒక షరతు, ఒక పని, అంతే.

పైన ఎత్తి చూపించిన వాక్యం ఇప్పుడిలా అయింది:

"క్లిప్‌ని పెయింటు, తుప్పు లేని ఇనుము మీద పెట్టండి. పళ్లు దిగేలా నులమండి. లాగి చూడండి. ఊడి వస్తే వేరే చోట పెట్టండి. ఎక్కడా పట్టకపోతే హోస్ ముట్టుకోవద్దు, షిఫ్ట్ ఇన్‌చార్జ్‌కి ఫోన్ చేయండి."

పొడుగు పెరిగింది. పెరగనీ.

మే మూడో వారం: క్యూఏ అభ్యంతరం

ఆపరేటరు చేసే పనులన్నీ ఒకే పేజీలోకి తెచ్చి, పెద్ద అక్షరాలతో, క్లిప్ ఎక్కడ పెట్టాలో ఫొటోతో, పంపు పక్కన గోడకి పెట్టాలన్నది నా ప్లాను. క్యూఏ (నాణ్యత చూసే విభాగం) మేడమ్ ఒక్క చూపు చూసి, "గోడకి అంటించిన కాగితం అన్‌కంట్రోల్డ్ కాపీ అవుతుంది, తెలుసుగా" అన్నారు. ఆవిడ మాటలో న్యాయముంది. ఎస్ఓపీ మారి గోడ మీది కాగితం మారకపోతే రెండు సత్యాలు తయారవుతాయి.

బిట్జర్ భాషలో ఇది పరిమితి. పరిమితిని తిట్టుకుని లాభం లేదు, దాని మీంచే దారి వేసుకోవాలి. ఆ పేజీని ఎస్ఓపీకే అనుబంధంగా చేర్చాం. నంబరు, వెర్షన్, కంట్రోల్డ్ కాపీ ముద్ర అన్నీ ఉన్నాయి. ఎస్ఓపీ రివైజ్ అయితే గోడ మీది ప్రతి కూడా వెనక్కి తెప్పించుకునే జాబితాలో ఎక్కుతుంది. ఆడిటరుకి పదకొండు పేజీలు ఉన్నచోటే ఉన్నాయి, ఆపరేటరుకి ఒక పేజీ వచ్చింది. ఇద్దరు చదువరులకి ఒకే కాగితంతో సరిపెట్టాలని చూడటం వల్లే ఇన్నాళ్లూ ఇద్దరిలో బలవంతుడైన చదువరి గెలిచాడు.

భాష గురించి ఇంకో చిక్కు. హెల్పర్లలో చాలామంది ఒడిశా నుంచి వచ్చినవాళ్లు. ఫ్యాక్టరీలో పెట్టే చట్టబద్ధమైన నోటీసులు ఇంగ్లిష్‌తో పాటు అక్కడి కార్మికుల్లో ఎక్కువమందికి అర్థమయ్యే భాషలో ఉండాలని 2025 దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 108వ సెక్షన్‌లోనే రాశారు. ఎక్కువమంది అంటే ప్లాంటు మొత్తంలోనా, రాత్రి యార్డులో ఉన్నవాళ్లలోనా? నన్నడిగితే రెండోదే. ఒడియా ప్రతి రాసిపెట్టడానికి వేర్‌హౌస్‌లో ఒక సూపర్‌వైజర్ ఒప్పుకున్నాడు.

మే చివర: రాయకుండా ఆపిన సర్క్యులర్

సేఫ్టీ వాళ్ల డ్రాఫ్టు: కళ్లద్దాలు పెట్టుకోని వారిపై క్రమశిక్షణా చర్యలు తీసుకోబడును. దీన్ని మెత్తబరిచి రాయమని నా దగ్గరికి పంపారు.

సెంట్రిఫ్యూజ్ ఏరియాకి వెళ్లి అడిగాను. మే నెల, సముద్రం ఒడ్డు ఉక్క. అద్దాలకి ఆవిరి పట్టి నిమిషంలో ఏమీ కనిపించడం లేదు. కనిపించక అందరూ నుదుటి మీదికి నెట్టుకుంటున్నారు.

మాటతో తీరని అక్కర రెటరిక్ అక్కరే కాదని బిట్జర్ అంటాడు. ఇక్కడ అక్కర ఆవిరి పట్టని అద్దాలది, మాటలది కాదు. 1973లో రిచర్డ్ వాట్జ్ దీనికి ఎదురు చెప్పాడు: సందర్భం దానంతటది ఉండదు, మాట్లాడేవాడు దేన్ని ఎత్తి చూపిస్తే అదే సందర్భమవుతుంది. ఇద్దరిలో ఎవరు కరెక్టన్నది పండితులు తేల్చుకోనీ, నాకైతే ఇద్దరూ పనికొచ్చారు. సేఫ్టీ ఆఫీసర్ క్రమశిక్షణను ఎత్తి చూపించాడు, అది సమస్యై కూర్చుంది. నేను ఆవిరిని ఎత్తి చూపించాను. సర్క్యులర్ పక్కకెళ్లింది, యాంటీ ఫాగ్ అద్దాల శాంపిళ్లు తెప్పిస్తున్నారు.

జూన్ మొదట్లో: "నార్మల్"

షిఫ్ట్ లాగ్‌బుక్‌లో ఏ పేజీ తిప్పినా ఒకటే: "ఆల్ ప్యారామీటర్స్ నార్మల్." సంతకం.

కరొలిన్ మిల్లర్ 1984లో చెప్పిందేమంటే, ఒక రచనా రూపాన్ని దాని ఆకారాన్ని బట్టి కాదు, మళ్లీమళ్లీ వచ్చే సందర్భంలో అది చేసే పనిని బట్టి పోల్చుకోవాలి. మా లాగ్‌బుక్ రూపం చూస్తే షిఫ్ట్ అప్పగింత. చేసే పని వేరు: "నా టైములో ఏం జరగలేదు" అని చెప్పుకోవడం. అప్పగింత అసలు మాటల్లోనే, గేటు దగ్గర టీ తాగుతూ నడుస్తోంది. ఆ టీకి రాలేకపోయినవాడికి ఏమీ అందదు.

ఇది ఎంత దూరం పోతుందో తెలియడానికి ఉత్తర సముద్రంలోని పైపర్ ఆల్ఫా చమురు ప్లాట్‌ఫాం ప్రమాదం ఉంది. 1988 జూలై 6 రాత్రి. కండెన్సేట్ పంపు ఒకదాని సేఫ్టీ వాల్వ్ మెయింటెనెన్స్‌కి విప్పి, ఆ చోట బ్లైండ్ ఫ్లాంజ్ (మూతబిళ్ల) పెట్టారు. పంపుకి ఒక పర్మిట్, వాల్వ్‌కి ఇంకో పర్మిట్. రెండో పంపు ఆగిపోయింది. వాల్వ్ విప్పి ఉందన్న సంగతి రాత్రి షిఫ్ట్‌కి చేరలేదు, వాళ్లు మొదటి పంపు ఆన్ చేశారు, గ్యాస్ లీకై పేలింది. 167 మంది పోయారు. 1990లో వచ్చిన కల్లెన్ విచారణ నివేదిక పర్మిట్లనీ అప్పగింతనీ గట్టిగానే పట్టుకుంది. కాగితం ఉంది, అందాల్సిన చేతికి అందలేదు.

కొత్త పేజీలో "నార్మల్" రాసుకునే గడి తీసేశాను. దాని బదులు: మధ్యలో ఆపిన పని ఏది, మామూలుగా లేనిది ఏది, వచ్చేవాళ్లు రాగానే ఏం చూడాలి. మొదటి రోజుల్లో మూడింట్లోనూ "నిల్" పడింది. తర్వాత ఒక రాత్రి షిఫ్ట్‌లో ఇలా వచ్చింది: "ఆర్-4 కండెన్సర్ వాటర్ వాల్వ్ గ్లాండ్ కారుతోంది. మెయింటెనెన్స్‌కి చెప్పాం, రాలేదు. చుక్కలు ఎక్కువైతే బ్యాచ్ హీటింగ్ మొదలెట్టకండి."

నేను సంబరపడేలోపు మెయింటెనెన్స్ ఇన్‌చార్జ్ వచ్చారు. "ఇది లాగ్‌బుక్కా, మా మీద కంప్లయింట్ బుక్కా?" ఆయన కోపం మిల్లర్ మాటకి సాక్ష్యమే. పేజీ చేసే పని మారితే మనుషుల మధ్య లెక్కలూ మారతాయి. మెయింటెనెన్స్ వాళ్లు జవాబు రాసుకునే గడి ఒకటి పక్కన చేర్చాం. "స్పేర్ లేదు, ఫలానా రోజు వస్తుంది" అని ఇప్పుడు వాళ్లే రాస్తున్నారు, పర్చేజ్‌కి కనపడేలా.

జూన్ మధ్యలో: తప్పెవరిది అనే గడి

అన్నిటికంటే ఎక్కువ టైము దీనికే పట్టింది.

ఒక డీవియేషన్: రియాక్టరులో టెంపరేచర్ 55 నుంచి 60 మధ్య ఉండాలి, 68కి పోయింది. రిపోర్టు రూట్ కాజ్: మానవ తప్పిదం, ఆపరేటరు స్టీమ్ వాల్వ్ సమయానికి మూయలేదు. కాపా (దిద్దుబాటు, మళ్లీ జరగకుండా తీసుకునే చర్య): ఆపరేటరుకి రీట్రైనింగ్. ఫైలు క్లోజ్. పాత ఫైళ్లు తిరగేస్తే ఇదే మళ్లీమళ్లీ, పేర్లు మారాయంతే.

బర్క్ 1945లో ఒక అయిదింటి చట్రం ఇచ్చాడు. మనిషి చేసిన దేన్నయినా చెప్పేటప్పుడు అయిదు ప్రశ్నలొస్తాయి: ఏం జరిగింది, ఏ పరిస్థితిలో, ఎవరు, దేనితో, ఎందుకోసం. చెప్పేవాడు ఏ ప్రశ్నను ముందు పెడతాడో దాన్నిబట్టి కారణం ఎటు తేలుతుందో ముందే ఖాయమైపోతుంది. "ఎవరు"తో మొదలెడితే మనిషి దగ్గర ఆగుతాం. "ఏ పరిస్థితిలో"తో మొదలెడితే చోటు కనిపిస్తుంది. మా ఫార్మాట్‌లో మొదటి గడి "సంబంధిత వ్యక్తి పేరు". ఇంక చెప్పేదేముంది.

అదే సంఘటన పరిస్థితి వైపు నుంచి మళ్లీ రాశాను. రెండు రియాక్టర్ల స్టీమ్ వాల్వులు ఒకదాని పక్కన ఒకటి, మూర ఎడం కూడా లేదు. ట్యాగుల మీద అక్షరాలు వేడికి చెరిగిపోయాయి. టెంపరేచర్ ఇండికేటర్ కింది ఫ్లోర్‌లో ప్యానెల్ మీద, వాల్వులు పై ఫ్లోర్‌లో. ఆ సమయంలో ఆయన ఒక్కడే రెండు రియాక్టర్లు చూస్తున్నాడు. పక్క రియాక్టరు వాల్వ్ మూసి, ఇదే మూశాననుకుని మెట్లు దిగాడు.

రీట్రైనింగ్ ఇస్తే చెరిగిన అక్షరాలు తిరిగొస్తాయా? ట్యాగులు మార్చడం, రెండు వాల్వుల చక్రాలకి వేరే రంగులు, పై ఫ్లోర్‌లో రిపీటర్ ఇండికేటర్. కాపా ఇలా మారింది.

క్యూఏ మీటింగులో ఇది పెట్టినప్పుడు గొడవ అవుతుందనుకున్నాను. మేడమే ముందు మాట్లాడారు. మానవ తప్పిదమని రాసేముందు ప్రక్రియలో, పద్ధతిలో, వ్యవస్థలో లోపాన్ని చూడకుండా వదిలెయ్యలేదని చూపించుకోవాలని యూరప్ జీఎంపీ (మందుల తయారీ నియమాలు) మొదటి అధ్యాయంలో ఉందని గుర్తుచేశారు. బర్క్ పేరు ఆవిడకి అక్కర్లేదు, నిబంధన చాలు. ఆ గదిలో సిద్ధాంతం కంటే నిబంధనే బరువు. నేనూ బర్క్‌ని బయటికి తీయలేదు.

ప్రొడక్షన్ మేనేజర్ మాత్రం అడ్డుపడ్డారు: "అందరూ పరిస్థితి మీదికి నెట్టేస్తే పని ఎవడు చేస్తాడు?" దీనికి పూర్తి జవాబు నా దగ్గర లేదు. నిజంగానే నిద్రపోయిన రాత్రులుంటాయి. కానీ ఆ నిద్ర కూడా డబుల్ షిఫ్ట్ రెండో సగంలోనా అన్నది పరిస్థితి గడిలోనే పడుతుంది. కొత్త ఫార్మాట్‌లో ఆపరేటరు పేరు ఉంది, చివరి గడిలో.

జూన్ చివర: రిలే నోట్

ఇంజినీరింగ్ నోట్ మొత్తం రెండు వాక్యాలు. "సేఫ్టీ దృష్ట్యా ట్యాంకర్ యార్డుకు ఎర్తింగ్ మానిటరింగ్ రిలే అత్యవసరం. కావున కొనుగోలుకు అనుమతించగలరు." పర్చేజ్ జవాబు: "ఉన్న క్లిప్ పనిచేస్తోంది కదా?"

టూల్మిన్ 1958లో వాదాన్ని విప్పి చూపించాడు. దావా ఉంటుంది, ఆధారం ఉంటుంది, ఆధారం నుంచి దావాకి దాటించే సూత్రం ఒకటుంటుంది. ఆ సూత్రాన్ని నిలబెట్టే దన్ను, ఎంత గట్టిగా అంటున్నామనే హద్దు, ఏ పరిస్థితిలో ఇది చెల్లదనే మినహాయింపు, ఇవీ ఉంటాయి. ఇంజినీర్ల నోట్‌లో దావా తప్ప ఏమీ లేదు. దాటించే సూత్రం వాళ్లకి ఎంత తెలిసిన విషయమంటే రాయాలని తట్టలేదు: క్లిప్ తగిలించి ఉండటం వేరు, ట్యాంకరు ఎర్త్ అయి ఉండటం వేరు.

ఎలక్ట్రికల్ వాళ్ల చేత మీటరు పెట్టించాం. శుభ్రమైన ఇనుము మీద క్లిప్ పెడితే రీడింగు 10 ఓములకి చాలా కింద ఉంది. లోహం నుంచి లోహానికి ఎర్తింగ్ బాగుందనడానికి అందరూ వాడే గీత ఆ 10 ఓములే. అదే క్లిప్‌ని పెయింటు మీద పెడితే మీటరుకి కనెక్షనే దొరకలేదు. రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టాం. చూపుకి రెండూ ఒక్కలాగే ఉన్నాయి, తేడా మీటరు అంకెలోనే. రిలే ఉంటే ఎర్త్ కుదిరేదాకా పంపు స్టార్ట్ అవదని ఒక వాక్యం. మినహాయింపు కూడా రాయించాను: రిలే చెడిపోతే అన్‌లోడింగ్ ఆగుతుంది, బైపాస్ తాళం ఒక్క ప్లాంట్ హెడ్ దగ్గరే ఉంటుంది. అది రాయకపోతే పర్చేజ్ కంటే ముందు ప్రొడక్షన్ వాళ్లే అడ్డం తిరిగేవారు.

స్పష్టంగా రాస్తే చాలదా అని ఒక జూనియర్ అడిగాడు. చాలదనడానికి అమెరికా స్పేస్ షటిల్ చాలెంజర్ ఉదాహరణ ఉంది. దాని బూస్టర్ రాకెట్లు చేసిన మోర్టన్ థయోకాల్ కంపెనీ ఇంజినీర్ రోజర్ బోయిస్జోలీ 1985 జూలై 31న పై అధికారికి రాసిన మెమోలో ప్రాణనష్టం జరుగుతుందని దాపరికం లేకుండా రాశాడు. 1986 జనవరి 27 రాత్రి టెలికాన్ఫరెన్సులోనూ ఇంజినీర్లు చలికి రాకెట్ సీళ్లు పనిచేయకపోవచ్చని మొత్తుకున్నారు. మర్నాడు ప్రయోగమైన 73 సెకన్లకి షటిల్ ముక్కలైంది, ఏడుగురూ పోయారు. ఈ సంభాషణను హెర్న్‌డల్, ఫెనెల్, మిల్లర్ 1991లో టూల్మిన్ పద్ధతిలోనే విడదీసి చూశారు. వాళ్లకి కనిపించింది ఇది: ఒకే ఆధారం ముందు పెట్టుకుని ఇంజినీర్లు ఒక సూత్రం మీదుగా, మేనేజర్లు ఇంకో సూత్రం మీదుగా దాటారు. మా పర్చేజ్ వాళ్ల సూత్రం "పనిచేస్తున్నదాన్ని మార్చకు". దాన్ని పేరు పెట్టి ఎదుర్కోనంత కాలం ఎన్ని "అత్యవసరం"లు రాసినా అంతే.

పర్చేజ్ హెడ్ ఈసారి తిప్పి పంపలేదు, మూడు కొటేషన్లు అడిగారు. అది మా దగ్గర అవునన్నట్టే.

జూలై మొదట్లో: మిగిలినవి

ఒడియా ప్రతి వచ్చింది. హెల్పర్ల చేత ట్యాంకరు దగ్గర చదివిస్తే "నులమండి" దగ్గర ఇద్దరు ఆగారు. ఫొటోలో చెయ్యి తిరిగే దిక్కు బాణం గీసి పెట్టాలి. యాంటీ ఫాగ్ శాంపిళ్లలో ఒక రకం నయమన్నారు, ఖరీదెక్కువని సేఫ్టీ బడ్జెట్ చూస్తోంది.

డీవియేషన్ ఫార్మాట్ కాగితం మీద మారింది గానీ సాఫ్ట్‌వేర్‌లో మారలేదు. రూట్ కాజ్ డ్రాప్‌డౌన్ తెరిస్తే మొదటి ఐచ్ఛికం ఇప్పటికీ "హ్యూమన్ ఎర్రర్"యే, అర్ధరాత్రి రిపోర్టు నింపేవాడు మొదటిదే నొక్కుతాడు. దాన్ని జాబితా చివరికి జరపాలన్నా చేంజ్ కంట్రోల్ (మార్పుకి అనుమతి), వాలిడేషన్ (పరీక్షించి రుజువు చేయడం) కావాలని ఐటీ వాళ్లన్నారు. ఫారం నింపి ఇచ్చాను. ఇంపాక్ట్ అసెస్‌మెంట్ మీద క్యూఏ సంతకం రాగానే టెస్ట్ సర్వర్‌లో పెడతామన్నారు.